ఇరుగుపొరుగు అంగడి

మానవుడు సంఘజీవి అని మనం చిన్ననాటి నుండి చదువుకుంటూనే ఉన్నాం. ఆ సంఘజీవనం ఎక్కడ మొదలవుతుందని ప్రశ్నించుకుంటే మాత్రం, అది వంటింటి పొయ్యి దగ్గరే మొదలవుతుందని చెప్పవలసి ఉంటుంది. పొయ్యి రాజేయడానికి నిప్పుకోసం పొరుగింటికి వెళ్లిన కాలం ఒకటి ఉండేది. చక్కెర నిండుకుంటే గ్లాసు పట్టుకుని పక్కింటి గడప తొక్కడం, కొత్త ఆవకాయ కలిపిన నాడు ఇరుగుపొరుగులకు గిన్నెడు పంపడం, ఆ గిన్నెను వట్టిగా తిప్పి పంపరాదని పొరుగువారు అందులో ఏదో ఒకటి వేసి పంపడం మన ఇళ్లలో అలవాటుగా సాగిన మర్యాదలు. ఆకలి తీర్చే పదార్థం కావడమే అన్నానికున్న ప్రయోజనం కాదు. అది మనుషుల మధ్య రాకపోకలను నిలిపే సూత్రం కూడా.

ఇంటి తరువాత ఈ సూత్రం పనిచేసే చోటు అంగడి. పల్లెలోనైనా, పట్నపు బస్తీలోనైనా కిరాణా దుకాణం సరుకులు దొరికే స్థలంగా మాత్రమే ఉండేది కాదు. ఎవరింట పెళ్లి కుదిరిందో, ఎవరికి జ్వరం తగిలిందో, ఏ చేనిలో కంది బాగా కాసిందో అక్కడే తెలిసేది. తూకం ముగిసిన తరువాత దుకాణదారు చేతినిండా పోసే కొసరు, పిల్లవాడి అరచేతిలో పెట్టే బెల్లంముక్క, నెలాఖరున తెరుచుకునే ఖాతాపుస్తకం ఆ వ్యాపారానికి మనిషి వాసన అద్దేవి. అయితే ఆ దుకాణాన్ని పూర్తిగా స్వర్గధామంగా వర్ణించడం కూడా సత్యదూరమే. కల్తీ ఉండేది, తూకంలో మోసం ఉండేది, ఖాతాపుస్తకంలో వడ్డీ ఉండేది. కొనేవాడికి అక్కడ పలకరింపు దక్కేది గాని అధికారం దక్కేది కాదు. పలకరింపు, అధికారం రెండూ దక్కే అంగడి సాధ్యమేనా అన్నదే ఈ వ్యాసంలో విచారించదలచిన విషయం. ఈ విచారణకు హైదరాబాదు పశ్చిమ దిక్కున ఉన్న గచ్చిబౌలి తగిన రంగస్థలం.

బౌలి అనే మాటకు దిగుడుబావి అని అర్థం. బావి పేరు మోస్తున్న ఈ ప్రాంతం రెండు తరాల వెనుక రాళ్లగుట్టలు, పొలాలు, పశువులు మేసే కంచెలు గల పల్లెపట్టు. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఏర్పడి, తరువాత ఇక్కడి విశాలమైన ప్రాంగణంలో స్థిరపడింది. 1998లో సమీపంలోని మాదాపూర్‌లో హైటెక్ సిటీ తొలి భవనమైన సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే సంవత్సరం గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ నెలకొన్నది. 2002లో జాతీయ క్రీడల కోసం పెద్ద క్రీడా ప్రాంగణం వెలసింది. 2008లో ఇక్కడి నుండి శంషాబాదు వైపు వెలుపలి వలయ రహదారి తెరుచుకున్నది. నానక్‌రాంగూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుల దాకా అద్దాల మేడలు ఎగబాకాయి. ఒక్క తరం గడవక ముందే పల్లె మహానగరమైంది.

ఇంత వేగంగా ఎదిగిన చోట మనుషులు చేరినంత త్వరగా ఇరుగుపొరుగు ఏర్పడదు. ఇక్కడి వారిలో అధికులు ఎక్కడెక్కడి నుండో వచ్చినవారే. శ్రీకాకుళం నుండి వచ్చిన ఇంజనీరు, కడప నుండి వచ్చిన కాపలాదారు, పాలమూరు నుండి వచ్చిన మేస్త్రి, ఒడిశా, బీహారుల నుండి వచ్చిన నిర్మాణ కార్మికులు, బెంగాలు నుండి వచ్చిన వంటమనిషి అందరూ ఒకే దారిలో నడుస్తారు. కాని వారు ఒకే అంగడిలో నిలబడరు. ప్రహరీ లోపలివారికి సరుకులు చరవాణిలో మీట నొక్కిన నిమిషాల వ్యవధిలో గుమ్మం ముందుకు వస్తాయి. ఆ సంచి తెచ్చిన యువకుడి ముఖం చూసే తీరిక కూడా ఉండదు. ప్రహరీ వెలుపలివారు రోజుకూలి అందిన సాయంత్రం పావుకిలో పప్పు, చిన్న పొట్లం నూనె కొనుక్కుంటారు. ఒకరు జొన్నపిండిని ఆరోగ్యాహారమని అధిక ధరకు కొంటుంటే, తాతల నాటి నుండి జొన్నరొట్టె తిన్న ఇంటివారు ఆ ధర భరించలేక దానిని మానుకుంటున్నారు. ఇంతకు మించిన విపర్యయం ఏముంటుంది?

వీరందరికీ ఉమ్మడిగా చెందిన ఒక సహకార సరుకుల దుకాణం వీధివీధినా ఉండాలని నా అభిప్రాయం. తక్కువ ధరకు సరుకు దొరకడం దాని ప్రయోజనాలలో ఒకటి మాత్రమే. ఏమి తింటున్నామో, అది ఎవరు పండించారో, దానికి ఎంత చెల్లించామో కలిసి నిర్ణయించుకునే అలవాటును అది పౌరులకు నేర్పుతుంది. ఆ అలవాటు లేని నగరం ఎంత ఎత్తుగా ఎదిగినా విడిది మాత్రమే అవుతుంది గాని ఊరు కాదు.

సహకార దుకాణమనే భావన కొత్తది కాదు. ఇంగ్లండులో మాంచెస్టరుకు చేరువనున్న రాచ్‌డేల్ అనే మిల్లుల పట్టణంలో 1844 డిసెంబరు 21న ఒక చిన్న దుకాణం తెరుచుకున్నది. దానిని స్థాపించినవారు 28 మంది. వారిలో నేతపనివారు, ఇతర చేతివృత్తులవారు ఉన్నారు. తలా ఒక పౌను వంతున మూలధనం సమకూర్చుకోవడానికి వారంవారం పెన్నీలు కూడబెట్టవలసి వచ్చిన పేదలు వారు. తొలిరోజు వారి దగ్గర ఉన్న సరుకు పిండి, వెన్న, చక్కెర, ఓట్ల రవ్వ, కాసిని కొవ్వొత్తులు. ఆ రోజులలో పిండిలో సుద్ద కలిపి అమ్మడం సామాన్యం. అటువంటి కాలంలో వారు కల్తీలేని సరుకు, సరియైన తూకం అనే రెండింటిని ప్రతిజ్ఞగా స్వీకరించారు. ఎన్ని వాటాలున్నా సభ్యుడికి ఒకే ఓటు అన్నారు. మిగిలిన లాభాన్ని వాటాలను బట్టి కాక, ఎవరు ఎంత సరుకు కొన్నారో దానిని బట్టి పంచారు. ఈ నియమాలే తరువాత ప్రపంచ సహకారోద్యమానికి మూలసూత్రాలయ్యాయి.

ఆ వెలుగు మనదేశానికి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1904లో మద్రాసులోని తిరువల్లిక్కేణిలో వినియోగదారుల సహకార సంఘం ఏర్పడింది. దేశంలోని తొలి వినియోగదారుల సహకార దుకాణాలలో అది ముఖ్యమైనది. అదే సంవత్సరం వెలువడిన సహకార చట్టం పరపతి సంఘాలను మాత్రమే గుర్తించగా, 1912 నాటి చట్టం ఇతర సంఘాలకు కూడా తలుపు తెరిచింది.

మన తెలుగు నేలపై వెలసిన మూడు ఉదాహరణలు ఇక్కడ ప్రత్యేకంగా గమనింపదగినవి.

మొదటిది ముల్కనూరు. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని ఈ గ్రామంలో 1956లో కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వాన సహకార గ్రామీణ పరపతి, విక్రయ సంఘం ప్రారంభమైంది. రైతుకు అప్పు ఇవ్వడంతో ఆగక, విత్తనం, ఎరువు అందించడం, పంటను కొనడం, దానికి మెరుగైన ధర రాబట్టడం ఈ సంఘం తన బాధ్యతలుగా చేసుకున్నది. ఆ నేలలోనే మహిళల పొదుపు సంఘాలు వేళ్లూనుకున్నాయి. వాటి అనుభవంతో మహిళలే సభ్యులుగా పాడి సహకార సంఘం రూపొంది, 2002లో స్వకృషి పేరుతో పాల వ్యాపారం ఆరంభించింది. ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే సంఘాన్ని నడుపుకొనడానికి వీలు కల్పిస్తూ 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. దాని వెనుక రామారెడ్డిగారి ఆధ్వర్యంలోని సహకార వికాస సంస్థ కృషి ఎంతో ఉన్నది.

రెండవది జహీరాబాదు ప్రాంతం. గచ్చిబౌలి నుండి ముంబై రహదారి మీదుగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ మెట్టనేలలో 1983 నుండి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళల సంఘాలతో పనిచేస్తూ వచ్చింది. పి.వి. సతీష్ దాని వ్యవస్థాపకులలో ప్రముఖులు. ఆయన 2023లో కన్నుమూశారు. చౌకబియ్యం రాకతో ఆ ప్రాంతంలో జొన్నచేలు బీళ్లుగా మారుతున్న 1990ల మధ్యకాలంలో అక్కడి మహిళలు ఒక అపురూపమైన ఏర్పాటు చేసుకున్నారు. బీడుభూముల సాగుకు సంఘం అప్పుగా పెట్టుబడి ఇచ్చింది. రైతు ఆ అప్పును రూపాయలలో గాక జొన్నలలో తీర్చాడు. ఆ జొన్నలను ఊరిలోనే నిలువచేసి, పనులు దొరకని నెలలలో నిరుపేదలకు తక్కువ ధరకు అమ్మారు. ఎవరు నిరుపేదలో ఊరివారే కూర్చుని నిర్ణయించారు. ఒకే ఏర్పాటుతో భూమికి సాగు, కూలికి పని, పశువుకు చొప్ప, ఇంటికి రొట్టె లభించాయి. చేలలో జొన్నతో పాటు కంది, పెసర, కొర్ర, సామ కలిసి పెరిగే పాత పద్ధతి మళ్లీ నిలబడింది. ఎడ్లబండ్లపై విత్తనాలు పేర్చుకుని ఊరూరా సాగే పాతపంటల జాతర అక్కడి పండుగైంది. 2019లో ఈ కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం లభించింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడానికి దశాబ్దాల ముందే అక్షరం రాని ఆ తల్లులు వాటి విలువ చాటారు.

మూడవది రైతును పట్టణంతో నేరుగా కలిపే ప్రయత్నాలు. 1999 జనవరి 26న ప్రారంభమైన రైతుబజార్లు దళారి లేకుండా కూరగాయలు అమ్ముకునే వీలు కల్పించాయి. అవి ప్రభుత్వ నిర్వహణలోని సంతలు. సహకార సంఘాలు కావు. 2006లో పూర్వపు వరంగల్ జిల్లాలోని ఏనబావి గ్రామం రసాయనిక ఎరువులను, పురుగుమందులను పూర్తిగా విడనాడినట్లు ప్రకటించుకున్నది. అటువంటి గ్రామాలతో పనిచేసిన సుస్థిర వ్యవసాయ కేంద్రం చొరవతో 2014లో రైతు సంఘాల సమాఖ్యగా సహజ ఆహారం అనే ఉత్పత్తిదారుల కంపెనీ ఏర్పడి, వారి పంటను నగరవాసుల ఇళ్లకు చేర్చే బాధ్యత స్వీకరించింది.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. మన ప్రాంతంలో పండించేవారు సంఘటితమయ్యారు. తినేవారు మాత్రం ఒంటరులుగానే మిగిలిపోయారు. రైతు చాచిన చేతికి అందుకునే చేయి నగరంలో లేదు. చేయీ చేయీ కలిస్తేనే గదా చప్పుడు! నగరంలోని ఆ రెండవ చేయే ఇరుగుపొరుగు సహకార అంగడి.

గచ్చిబౌలిలో అటువంటి అంగడి ఎట్లా ఉండగలదో ఊహించుకుందాం. సభ్యత్వపు వాటా 500 రూపాయలని అనుకుందాం. ఒకేసారి చెల్లించలేనివారు నెలకు 50 రూపాయల వంతున పది నెలలలో చెల్లించవచ్చు. రాచ్‌డేల్ నేతపనివారు పెన్నీలు కూడబెట్టిన దారే ఇది. నెలకు 3,000 రూపాయల సరుకు కొనే ఉద్యోగి ఏడాదికి 36,000 రూపాయల కొనుగోలు చేస్తాడు. నెలకు 1,000 రూపాయల సరుకు కొనే ఇంటిపని సహాయకురాలు ఏడాదికి 12,000 రూపాయల కొనుగోలు చేస్తుంది. సంవత్సరాంతాన మిగులును నూటికి 2 రూపాయల వంతున పంచితే అతనికి 720, ఆమెకు 240 రూపాయలు అందుతాయి. రాబడిలో తేడా ఉన్నది. కాని సర్వసభ్య సమావేశంలో అతనికీ ఒకే ఓటు, ఆమెకూ ఒకే ఓటు. ఎవరి ఇంట్లో ఆమె గిన్నెలు తోముతుందో ఆ ఇంటి యజమాని, ఆమె లేచి కందిపప్పు నాణ్యతను ప్రశ్నిస్తే జవాబు వినవలసి ఉంటుంది. ప్రజాస్వామ్యమనే పాఠాన్ని ఇంతకంటే తేటగా చెప్పే బడి మరొకటి ఉండదు.

ఇక సరుకుల విషయం. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది మన పొరుగు జిల్లా వికారాబాదులోనే పండుతుంది. నిజామాబాదు పసుపు, జహీరాబాదు జొన్నలు, కొర్రలు, చేవెళ్ల, శంకరపల్లి పరిసరాల ఆకుకూరలు ఈ ప్రాంతానికి దూరమైనవి కావు. అంగడి వాటిని రైతుల సంఘాల నుండి నేరుగా కొని, ప్రతి సరుకు పక్కన ఒక పలకపై రైతుకు ముట్టిన ధర, రవాణా ఖర్చు, అంగడి ఖర్చు, అమ్మకపు ధర తెలుగులో రాసి పెట్టాలి. ధర పుట్టుక తెలిసిన మనిషి బేరమాడే తీరు మారుతుంది. పప్పు ధర పెరిగినప్పుడు అది వాన ఎగ్గొట్టినందువల్లనో, నడిమివాడు దాచినందువల్లనో అతనికి అర్థమవుతుంది.

నాణ్యత చూసేదెవరన్న ప్రశ్న వస్తుంది. దీనికి సమాధానం గచ్చిబౌలి బహుళ అంతస్తుల భవనాలలోనే ఉన్నది. కొడుకు, కోడలు కొలువుకు వెళ్లగా మనుమలను చూసుకోవడానికి పల్లెల నుండి వచ్చిన తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు ఎందరో పన్నెండవ అంతస్తు వరండాలలో పొద్దు గడుపుతున్నారు. చింతపండును వేళ్లతో నలిపి పాతదో కొత్తదో చెప్పగలవారు, బియ్యపు గింజను కొరికి చూసి ఎన్నాళ్లు మాగిందో పసిగట్టగలవారు, కారంపొడి రంగు చూసి కల్తీని గుర్తించగలవారు వారే. ఆ విద్యకు నగరంలో గిరాకీ లేకుండా పోయింది. సహకార అంగడి వారిని పరీక్షకులుగా కూర్చోబెడితే, వారికి కాలక్షేపం మాత్రమే కాదు, గౌరవం కూడా దక్కుతుంది. ఒక తరం విద్య తరువాతి తరానికి అందుతుంది.

వంటల విషయంలోనూ అంతే. ఒకే వీధిలో పాలమూరు జొన్నరొట్టె, ఓరుగల్లు సర్వపిండి, గోదావరి పులస పులుసు, రాయలసీమ రాగిసంగటి, ఒడిశా పఖాళ పక్కపక్కనే ఉన్నా ఒకదానికొకటి తెలియదు. పఖాళ అంటే మన చద్దన్నానికి దగ్గరి చుట్టమే అని తెలిసిన నాడు, ఆ ఒరియా కార్మికుడు మనకు పరాయివాడుగా కనిపించడు. నెలకొకసారి అంగడి ముందు ఎవరి ఊరి వంట వారు వండి పంచుకునే ఏర్పాటు ఉంటే, పండుగ సంబరాలకు చేసే వేల రూపాయల ఖర్చు సాధించలేని సాన్నిహిత్యం ఒక ముద్దతో సిద్ధిస్తుంది.

ఇంతవరకు చెప్పినది వినడానికి ఇంపుగానే ఉంటుంది. కాని ఆక్షేపణలకు జవాబు చెప్పని అభిప్రాయం నిలువదు. కనుక వాటిని కూడా పరిశీలిద్దాం.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్లు అని మన పెద్దలే అన్నారు. అందరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోతుందని దాని భావం. ఈ సామెత నిరాధారమైనది కాదు. 1966లో ఢిల్లీలో ఎంతో ఆర్భాటంగా ప్రారంభమైన సహకార సూపర్ బజార్ ఒకనాడు ఆ నగర మధ్యతరగతికి పెద్ద దిక్కుగా వెలిగి, చివరకు నష్టాలలో కూరుకుపోయి 2002లో మూతపడింది. దాని జీవం ప్రభుత్వ ఆజ్ఞలలో ఉండేది గాని సభ్యుల శ్రద్ధలో ఉండేది కాదు. గొర్రె ఉమ్మడిది కావడం వల్ల చావలేదు. కాపరి ఎవరో తేలకపోవడం వల్ల చచ్చింది. ముల్కనూరు సంఘం 1956 నుండి నిలిచి ఉండటానికి కారణం, దాని లెక్కలు దాని సభ్యులకు తెలియడమే. అందువల్ల నెలనెలా జమాఖర్చులు గోడమీద అంటించడం, ఏటేటా పరిశీలన జరిపించడం, పాలకవర్గ సభ్యులు నిర్ణీత కాలానికి తప్పక మారడం సహకార అంగడికి ప్రాణసూత్రాలు.

రెండవ ఆక్షేపణ తీరిక గురించినది. పగలు రేయి తేడా లేక పనిచేసే సాఫ్ట్‌వేరు ఉద్యోగికి అంగడిలో కూర్చునే వ్యవధి ఎక్కడిదని అడుగుతారు. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో 1973లో ఏర్పడిన పార్క్ స్లోప్ ఆహార సహకార సంఘంలో వేలాది సభ్యులు కొన్ని వారాలకొకసారి మూడు గంటలకు లోపు కాలం తామే సరుకులు సర్దుతారు, తూచుతారు, డబ్బు వసూలు చేస్తారు. వారు కూడా ఒక మహానగరపు ఉద్యోగులే. జపానులో 1965లో టోక్యో గృహిణులు కొందరు కలిసి పాలు మొత్తంగా కొనడంతో మొదలైన సేకాత్సు క్లబ్బు పెద్ద ఉద్యమంగా విస్తరించింది. తీరిక దొరికినవారు కాదు, తీరిక చేసుకున్నవారు ఈ పనులు చేశారు.

మూడవ ఆక్షేపణ మరింత బరువైనది. ప్రహరీల లోపల ఇప్పటికే ఆదివారపు సంతలు జరుగుతున్నాయి. నివాసుల బృందాలు రైతుల నుండి మామిడిపండ్లు, బియ్యం కలిసి తెప్పించుకుంటున్నాయి. ఇక వేరుగా సహకార సంఘమెందుకని కొందరి వాదన. ఆ ప్రయత్నాలు మంచివే. కాని ఆ సంతలో కాపలాదారు భార్యకు చోటున్నదా? సరుకు ఎంపికలో ఆమె మాటకు విలువున్నదా? పూర్వం ఊరి బావి కూడా ఊరందరిదనే చెప్పుకున్నారు. కాని ఊరిలో కొందరికి ఆ బావి గిలక తాకే హక్కు లేకపోయింది. బావి పేరు మోస్తున్న ఈ చోట ఆ పాత తప్పిదం కొత్త ప్రహరీల రూపంలో మళ్లీ తలెత్తరాదు. సభ్యత్వ ద్వారం అందరికీ తెరిచి లేని సంఘం కొనుగోలుదారుల గుంపు మాత్రమే అవుతుంది గాని సహకార సంఘం కాదు. నా దృష్టిలో ఈ అంగడి విలువను తేల్చే గీటురాయి ఇదే.

నాల్గవది అప్పు సమస్య. రాచ్‌డేల్ దుకాణం రొక్కానికే తప్ప అరువుకు అమ్మలేదు. అరువు ఎన్నో సంఘాలను ముంచింది. కాని కూలి ఆలస్యమైన వారంలో కార్మికుడిని ఆదుకునేది వీధి దుకాణదారు ఖాతాపుస్తకమే. ఆ ఆదరువు లేని సహకార అంగడి పేదవాడికి పనికిరాని అలంకారమవుతుంది. దీనికి పరిష్కారం మన పొదుపు సంఘాల అనుభవంలోనే ఉన్నది. సభ్యులు నెలనెలా కొద్దిమొత్తం పొదుపు చేసి, ఆ నిధి నుండి అవసరంలో ఉన్నవారికి సరుకు రూపంలో బదులు ఇవ్వవచ్చు. అప్పుడు అంగడి నగదుకే అమ్ముతుంది, సభ్యుడి ఇంట పొయ్యి ఆరదు.

చివరిది, కిరాణా దుకాణదారుల బ్రతుకుతెరువు. నిమిషాలలో సరుకు పంపే పెద్ద వ్యాపారాల తాకిడికి ఇప్పటికే కుంగిన చిన్న దుకాణానికి సహకార అంగడి మరో పోటీ కాగూడదు. సరుకు కొనడంలో, నిలువ చేయడంలో, వీధి మనుషుల స్వభావాలు ఎరగడంలో ఆ దుకాణదారుకున్న నైపుణ్యం సంఘానికి ఎంతో అవసరం. అతనినే నిర్వాహకుడిగా నియమించుకోవడం, అతని దుకాణాన్నే సంఘానికి కేంద్రంగా మలచుకోవడం విజ్ఞుల లక్షణం. ఇందుకు అతడు అంగీకరించని చోట, కొంత నష్టం అతనికి తప్పకపోవచ్చు. దానిని దాచిపెట్టి సహకారాన్ని పొగడటం న్యాయం కాదు.

సహకార అంగడి సరుకు అన్నివేళలా చౌకగా ఉంటుందని కూడా చెప్పలేము. వేలాది దుకాణాలకు ఒక్కసారిగా కొనే సంస్థ ధరతో ఒక వీధి అంగడి పోటీపడటం కష్టం. కొన్ని సరుకులు రెండు రూపాయలు ఎక్కువే కావచ్చు. అయితే ఆ రెండు రూపాయలు ఎక్కడికి పోయాయో సభ్యుడికి తెలుస్తుంది. అవి రైతు ఇంటికో, తూచే అమ్మాయి జీతానికో, సంఘ నిధికో చేరి ఉంటాయి. తక్కువ ధర వెనుక ఎవరి నష్టం దాగి ఉన్నదో తెలియకపోవడం కంటే, కొద్దిపాటి ఎక్కువ ధర వెనుక ఎవరి మేలు ఉన్నదో తెలియడం ఉత్తమం. అయినా ఈ ఎంపిక పేదవాడిపై రుద్దదగినది కాదు. బియ్యం, పప్పు, నూనె, ఉప్పు వంటి నిత్యావసరాలపై లాభం అతితక్కువగా ఉంచి, ఇతర సరుకులపై దానిని సర్దుకొనడం సంఘం చేయదగిన న్యాయం.

సంఘంగా ఏర్పడటాన్ని మన రాజ్యాంగం పౌరుల హక్కుగా గుర్తించింది. 97వ సవరణ 2012లో అమలులోకి వచ్చి ఆ హక్కులో సహకార సంఘాలను కూడా స్పష్టంగా చేర్చింది. ఐక్యరాజ్యసమితి 2012ను, తిరిగి 2025ను అంతర్జాతీయ సహకార సంవత్సరాలుగా పాటించింది. చట్టం ఉన్నది, అనుభవం ఉన్నది, పంట ఉన్నది. లోపించినది పూనిక మాత్రమే.

ఈ పూనిక యువతరం నుండి రావలసి ఉన్నది. గణితం చదివే విద్యార్థి ఒక నెల తన ఇంటి సరుకుల ఖర్చును పద్దులుగా విడదీసి చూడవచ్చు. వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థిని కళాశాలలో పుస్తకాలు, కలాలు అమ్మే చిన్న సహకార భాండారం ఏర్పాటుకు పూనుకొని, జమాఖర్చుల పుస్తకం తానే రాయవచ్చు. వృక్షశాస్త్రం చదివేవారు అండుకొర్రకు, సామకు, ఊదకు గల తేడాను గింజ చూసి చెప్పగలగాలి. చరిత్ర చదివేవారు తమ వీధిలోని వృద్ధులను అడిగి, ఒకప్పుడు వారి ఊరి అంగడి ఎట్లా నడిచిందో రాసి ఉంచవచ్చు. ఇవన్నీ పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టవు. కాని పౌరుడిగా ఎదగడానికి ఇవే తొలి మెట్లు.

అన్నం పరబ్రహ్మ స్వరూపమని నమ్మే జాతి మనది. ఆ అన్నాన్ని పండించేవాడు అప్పులతో, అమ్మేవాడు అనుమానంతో, కొనేవాడు అజ్ఞానంతో, తెచ్చి ఇచ్చేవాడు ఆయాసంతో ఉన్నంతకాలం ఆ నమ్మకం మాటలకే పరిమితమవుతుంది. ఈ నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే చోటు కావాలి. గచ్చిబౌలి అద్దాల మేడల నీడలో, నాలుగు బస్తాలు, ఒక త్రాసు, ఒక లెక్కల పుస్తకం, గోడమీద ఒక ధరల పలకతో అటువంటి చోటు ఏర్పడటానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. వీధిలోని పదిమంది ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకుంటే చాలు.